మందు ఫిల్మ్‌కు ఏ పాలిమర్ తీసుకోవాలి? రొయ్య పొట్టు నుంచి పీఎల్‌జీఏ దాకా

ప్రాజెక్టులు మొదలయ్యే రోజుల్లో మా కాలేజీ ఎం.ఫార్మ్ పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఏటా ఒకటే. "మేడమ్, బయోడిగ్రేడబుల్ ఫిల్మ్ చేద్దామనుకుంటున్నామండీ. కైటోసాన్ తీసుకోమంటారా, పీఎల్‌జీఏ తీసుకోమంటారా?" రెండూ పాలిమర్లే, అంటే చిన్న అణువులు గొలుసులా కలిసిన పదార్థాలు. మొదటిది రొయ్య పొట్టు నుంచి తీసేది, రెండోది కృత్రిమంగా కట్టేది. భీమవరం, పాలకొల్లు వైపు పిల్లలైతే వెంటనే ఇంకో మాట కలుపుతారు. "రొయ్య పొట్టు మన దగ్గర ఊరికే దొరుకుతుంది కదండీ, కైటోసాన్ మనమే తయారు చేసేసుకుందామండీ."

ఆ ఉత్సాహం నాకు చాలా ఇష్టం. కానీ పాలిమర్ పేరుతో మొదలైన ప్రాజెక్టులు చాలావరకు మధ్యలో చిక్కుపడడం చూశాను. ఫిల్మ్ అందంగా వస్తుంది, మందు మాత్రం రెండు గంటల్లో మొత్తం బయటికొచ్చేస్తుంది. లేదంటే వారంలో మాయమవ్వాల్సిన ఫిల్మ్ ఆరు నెలలైనా అలాగే ఉంటుంది. ఏటా విడివిడిగా చెప్పే మాటలన్నీ ఈసారి ఒకచోట రాస్తున్నాను.

ఆత్రేయపురం పూతరేకు తయారీ చూసినవాళ్లకు ఫిల్మ్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పల్చటి బియ్యపు పిండి నీళ్లలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్కసారి లాగితే, నీరు క్షణంలో ఆవిరై కాగితం కన్నా పల్చని రేకు మిగులుతుంది. ల్యాబ్‌లో మేం చేసేదీ అదే పని. పాలిమర్‌ను ద్రావకంలో కరిగించి, మందు కలిపి, గాజు పళ్లెంలో పోసి ఆరబెడతాం. మామిడి తాండ్రకు పొర మీద పొర పోసినట్టు, అవసరమైతే రెండు మూడు పొరలు కూడా వేస్తాం. పూతరేకు నోట్లో పెట్టుకోగానే కరిగిపోతే చాలు. మందు ఫిల్మ్ మాత్రం మనం అనుకున్నన్ని గంటలో, రోజులో, నెలలో మందును కొద్దికొద్దిగా వదిలి, ఆ తర్వాత తానూ పోవాలి. కష్టమంతా అక్కడే.

ముందు చోటు, తర్వాత రోజులు

పాలిమర్ గురించి ఆలోచించే ముందు నోట్‌బుక్‌లో మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోమంటాను. ఫిల్మ్ ఒంట్లో ఏ చోట ఉంటుంది? ఎన్ని రోజులు మందు ఇవ్వాలి? పని అయ్యాక ఎలా పోతుంది?

మూడో ప్రశ్నను తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. చిగుళ్ల జబ్బు చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. పంటికీ చిగురుకూ మధ్య లోతుపడిన సందులో పెట్టడానికి 1994లో అమెరికాలో ఆక్టిసైట్ అనే, టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ నింపిన దారానికి అనుమతి వచ్చింది. దాని పాలిమర్ ఇథిలీన్ వినైల్ ఎసిటేట్. అది ఒంట్లో కరగదు, విరగదు. పది రోజుల తర్వాత రోగి మళ్లీ డెంటిస్టు దగ్గరికి వెళ్లి దాన్ని తీయించుకోవాల్సి వచ్చేది. 1998లో పెరియోచిప్ వచ్చింది. అది క్రాస్‌లింక్ చేసిన, అంటే గొలుసుల మధ్య ముడులు వేసిన జెలటిన్‌తో చేసిన చిన్న చిప్పు, అందులో క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ 2.5 మి.గ్రా. ఉంటుంది. పొడవు 5 మి.మీ., వెడల్పు 4 మి.మీ., మందం 0.35 మి.మీ. మొదటి రోజే సుమారు 40 శాతం మందు వదిలి, మిగతాది 7 నుంచి 10 రోజుల్లో దాదాపు సమంగా వదులుతుంది. చిప్పు అక్కడే కరిగిపోతుంది, తీయాల్సిన పని లేదు. అంతర్వేది దగ్గర పల్లెలో ఉండే రోగి రెండోసారి బస్సెక్కి నరసాపురం వచ్చే అవసరం తప్పిందంటే, ఆ తేడా తెచ్చింది పాలిమరే.

బయోడిగ్రేడబుల్ అనే మాట దగ్గర కూడా జాగ్రత్త కావాలి. నీళ్లలో కరగడం వేరు, గొలుసు తెగి చిన్న ముక్కలు కావడం వేరు. సెల్యులోజ్‌ను మార్చి చేసే హెచ్‌పీఎంసీ అనే పాలిమర్ కరుగుతుంది, కానీ మన ఒంట్లో దాని గొలుసు తెగదు. ఇథైల్ సెల్యులోజ్ అయితే కరగదు, తెగదు. ఇథైల్ సెల్యులోజ్‌తో చిగుళ్ల ఫిల్మ్ చేసి శీర్షికలో బయోడిగ్రేడబుల్ అని రాసిన ప్రాజెక్టులు నా చేతికి వచ్చాయి. వైవాలో ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న దాని మీదే ఉంటుంది.

మందు సంగతీ ఇక్కడే తేల్చుకోవాలి. ఫిల్మ్‌లో పట్టేది మిల్లీగ్రాముల్లోనే. రోజుకు గ్రాము కావాల్సిన మందుకు ఫిల్మ్ అక్కరకు రాదు. నీళ్లలో బాగా కరిగే చిన్న అణువైతే ఏ సహజ పాలిమర్ నుంచైనా తొందరగా జారిపోతుంది. మందుకు ధనావేశం ఉందా, రుణావేశం ఉందా అన్నది కూడా చూడాలి. అది ఎందుకో కాసేపట్లో చెబుతాను.

కైటోసాన్: మన చెరువుల సరుకు

దేశంలో రొయ్యల సాగులో మన ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఆ సాగుకు భీమవరం చుట్టుపక్కల చెరువులే గుండెకాయ. ప్రాసెసింగ్ ప్లాంట్లలో వనామీ రొయ్య తల, పొట్టు తీసేస్తే బరువులో నలభై శాతం దాకా వ్యర్థంగా పోతుంది. ఆ పొట్టులో కాల్షియం కార్బొనేట్, ప్రోటీన్, కైటిన్ కలిసి ఉంటాయి. ప్రకృతిలో సెల్యులోజ్ తర్వాత అంత విరివిగా దొరికే పాలిశాకరైడ్ కైటినే.

తయారీ చెప్పుకోవడానికి సులువు. పొట్టును సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే బుసబుస పొంగి కాల్షియం పోతుంది. పల్చటి సోడియం హైడ్రాక్సైడ్‌లో ప్రోటీన్ పోతుంది. మిగిలిన కైటిన్‌ను 40 నుంచి 50 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో బాగా వేడి చేస్తే ఎసిటైల్ గుంపులు ఊడిపోయి కైటోసాన్ అవుతుంది. ఆ గుంపులు ఎంత శాతం ఊడాయన్నదే డీఎసిటైలేషన్ డిగ్రీ. కైటోసాన్ ఎలా నడుచుకోబోతుందో ఈ అంకె చాలావరకు చెబుతుంది.

కొన్నేళ్ల కిందట నా దగ్గర ఇద్దరు పిల్లలు పొట్టు తెచ్చి స్వయంగా కైటోసాన్ చేశారు. మొదటి బ్యాచ్ ఫిల్మ్ ఐదు రోజులు మందు ఇచ్చింది. అందరం సంబరపడ్డాం. రెండో బ్యాచ్ అదే పద్ధతిలో చేస్తే ఒకటిన్నర రోజుకే అయిపోయింది. మూడోది ఆమ్లంలో సరిగ్గా కరగనే లేదు. వేడి చేసిన గంటలు, పొట్టు తాజాదనం, కడిగిన తీరు ఇలా ప్రతిదీ కొద్దికొద్దిగా మారింది. ప్రాజెక్టు గడువు దగ్గరపడి ఆ పిల్లలు పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది. ఆపకుండా వదిలేసిన తప్పు నాది. అప్పటి నుంచి ఒకటే చెబుతున్నాను. కైటోసాన్ తయారీయే ప్రాజెక్టు అంశమైతే పొట్టుతో మొదలుపెట్టండి. మందు విడుదల అంశమైతే డీఎసిటైలేషన్ డిగ్రీ, స్నిగ్ధత (ద్రావణం చిక్కదనం) రాసిన సర్టిఫికెట్‌తో వచ్చే కైటోసాన్ కొనండి, ప్రాజెక్టు అయ్యేదాకా ఒకే లాట్, అంటే ఒకేసారి తయారైన సరుకు వాడండి. సొంత ఊరి సరుకు మీద ప్రేమ ఉండడం మంచిదే, కానీ ఎంపికకు అది కారణం కాకూడదు.

కొనేటప్పుడు పిల్లలు 95 శాతం డిగ్రీ ఉన్నదే మేలనుకుంటారు. అంకె పెద్దదైతే నాణ్యత ఎక్కువని వాళ్ల లెక్క. ఒంట్లో కైటోసాన్‌ను తెంచేది లైసోజైమ్ అనే ఎంజైమ్. ఇది కన్నీళ్లలో, లాలాజలంలో, గాయం నీటిలో ఉంటుంది. దానికి పట్టు దొరకాలంటే గొలుసు మీద కొన్ని ఎసిటైల్ గుంపులు మిగిలి ఉండాలి. అందుకే డిగ్రీ పెరిగే కొద్దీ ఫిల్మ్ నిదానంగా తెగుతుంది. వారంలో పోవాలంటే 75, 80 శాతం వైపు చూడాలి, ఎక్కువ రోజులు నిలవాలంటే పైకి వెళ్లాలి.

ఫిల్మ్‌కు మామూలుగా 2 శాతం కైటోసాన్‌ను 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో రాత్రంతా కలుపుతాం. పల్చటి గుడ్డలో వడగట్టి, బుడగలు పోయేదాకా ఆగి, పాలిమర్ బరువులో ఐదో వంతు దాకా గ్లిజరాల్ కలిపి పోస్తాం. గ్లిజరాల్ లేకపోతే ఫిల్మ్ అప్పడంలా విరుగుతుంది. ఆరిన ఫిల్మ్‌లో కైటోసాన్ ఎసిటేట్ రూపంలో ఉంటుంది కాబట్టి నీళ్లు తగిలితే ఉబ్బి జారిపోతుంది. పల్చటి సోడియం హైడ్రాక్సైడ్‌లో కొద్దిసేపు ముంచి కడిగితే నిలబడుతుంది. ఈ ఒక్క మెట్టు మరిచిపోయి, కైటోసాన్ పనికిరాదండీ అని తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు.

కైటోసాన్‌కు ధనావేశం ఉంటుంది. లోపలి చర్మం మీది జిగురు పొరకు రుణావేశం. అందుకే బుగ్గ లోపల, చిగుళ్ల దగ్గర, పచ్చి గాయం మీద ఇది చక్కగా అంటుకుంటుంది. బాక్టీరియాను కొంత అదుపు చేస్తుంది, నెత్తురు గడ్డకట్టడానికి సాయపడుతుంది. అమెరికా సైన్యం యుద్ధరంగంలో కైటోసాన్ కట్లు వాడింది కూడా ఈ గుణం చూసే. ఇదే ఆవేశం ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. నొప్పి మందు డైక్లోఫెనాక్ సోడియంను ఆమ్లంలో ఉన్న కైటోసాన్‌లో కలిపితే మందు తెల్లగా విరిగి అడుగుకు దిగుతుంది.

రొయ్యలు పడనివాళ్ల సంగతి అడుగుతారు. ఆ ఎలర్జీకి ముఖ్య కారణం ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్, కైటోసాన్ కాదు. కానీ ప్రోటీన్ పూర్తిగా పోయిందని పరీక్ష చేసి చూపించకుండా వాళ్లకు భయం లేదని చెప్పకూడదు. చెరువుల మీద, ప్లాంట్లలో పని చేసేవాళ్లు ఇంతమంది ఉన్న ప్రాంతంలో అది మనం మరింత పట్టుదలగా చూడాల్సిన విషయం.

జెలటిన్: వారం లోపు పనికి

చర్మం, ఎముక, పొలుసుల్లోని కొల్లాజెన్‌ను ఉడికించి తీసేదే జెలటిన్. ఫిల్మ్ ఎంత సులువుగా వస్తుందంటే, మొదటిసారి చేసేవాళ్లకు నేను దీన్నే ఇస్తాను. గోరువెచ్చటి నీళ్లు చాలు, ఆమ్లంతో పని లేదు, ఫిల్మ్ గాజులా మెరుస్తుంది.

చిక్కేమిటంటే, మామూలు జెలటిన్ జెల్ మన ఒంటి వేడికే కరిగిపోతుంది. చేప జెలటిన్‌ది ఇంకా తక్కువ వేడి. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం మా ల్యాబ్‌లో ఆరబెట్టిన జెలటిన్ పళ్లాలు మళ్లీ పలచనై ఒక పక్కకు జారాయి. కాబట్టి క్రాస్‌లింక్ తప్పనిసరి. వల దారాలకు ముడులు వేసినట్టు గొలుసుల మధ్య ముడులు పడాలి. ఎన్ని ముడులు పడితే ఫిల్మ్ అంత నెమ్మదిగా కరుగుతుంది. గ్లుటరాల్డిహైడ్ చౌకగా దొరికే క్రాస్‌లింకరే గానీ, మిగిలిపోతే కణాలకు విషం. గ్లైసిన్ ద్రావణంలో ముంచి, నీళ్లతో పలుమార్లు కడిగి, మిగులు ఎంతుందో కొలిచి చూపాలి. అలా కడిగేటప్పుడు మందు కూడా కొంత పోతుంది, కడిగిన నీళ్లలో దాన్ని కూడా లెక్కగట్టాలి. జెనిపిన్ సురక్షితమే, ఖరీదు ఎక్కువ, ఫిల్మ్ నీలం రంగు తిరుగుతుంది.

ఇంకో మాట రోగి వైపు నుంచి. జెలటిన్ పశువుది కావచ్చు, పందిది కావచ్చు, చేపది కావచ్చు. మన దగ్గర చాలా ఇళ్లలో ఇది పట్టింపు ఉన్న విషయం. ఏ జంతువుదో సీసా మీద చూసి, రిపోర్టులో రాసి, రోగికి అడగకుండానే చెప్పాలి. మన చేపల మార్కెట్లలో రోజూ పారేసే బొచ్చె, రాగండి పొలుసులు, తోళ్ల నుంచి కూడా కొల్లాజెన్, జెలటిన్ తీయవచ్చు. వేడి నీటి చేపలు కాబట్టి వాటి జెలటిన్ చల్లని సముద్రాల చేపల దాని కన్నా గట్టిగా ఉంటుంది. ఎవరైనా ముడిసరుకు మీదే ప్రాజెక్టు చేయాలనుకుంటే రొయ్య పొట్టు కన్నా ఇటువైపు రమ్మంటాను, ఇందులో ఘాటు క్షారాలతో పని తక్కువ.

ఆల్జినేట్, హెచ్‌పీఎంసీ, పిండి

గోధుమరంగు సముద్రపు నాచు నుంచి వచ్చేది సోడియం ఆల్జినేట్. ఫిల్మ్‌ను కాల్షియం క్లోరైడ్‌లో ముంచితే బిగుసుకుంటుంది. నీరు బాగా కారే గాయానికి ఇది నిజంగా మంచిది, నీటిని పీల్చుకుని జెల్‌లా మారి గాయాన్ని తడిగా ఉంచుతుంది. అయితే మన ఒంట్లో దాన్ని తెంచే ఎంజైమ్ లేదు. కాల్షియం స్థానంలో సోడియం చేరితే విడిపోయి కరుగుతుందంతే. రోజుల తరబడి చిన్న అణువును పట్టి ఉంచమంటే చేతకాదు. రుణావేశం కాబట్టి క్లోర్‌హెక్సిడిన్‌తో కలిస్తే ముద్దలు కడుతుంది. చిగుళ్ల ఫిల్మ్ చేసేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. కైటోసాన్, ఆల్జినేట్ పొరలు ఒకదాని మీద ఒకటి వేస్తే రెండు ఆవేశాలూ పెనవేసుకుని విడుదల నెమ్మదిస్తుంది. తాండ్ర పోసే ఓపిక ఉన్నవాళ్లకు అది మంచి అంశం.

హెచ్‌పీఎంసీ నోట్లో నిమిషాల నుంచి కొన్ని గంటల పనికి. బియ్యపు పిండి ఫిల్మ్ కూడా అంతే, లాలాజలంలోని అమైలేజ్ దాన్ని వెంటనే తినేస్తుంది, నిల్వ ఉంచితే పెళుసవుతుంది. నాలుక మీద వెంటనే కరగాల్సిన ఫిల్మ్‌కు పూతరేకును మించిన నమూనా లేదు. నెమ్మదిగా విడుదల కావాలంటే మాత్రం పిండిని ఒంటరిగా నమ్ముకోవద్దు.

పీఎల్‌జీఏ, పీఎల్‌ఏ, పీసీఎల్: నెలల లెక్క

వారాలు, నెలలు మందు కావాలంటే సహజ పాలిమర్లను వదిలి ఇటు రావాలి. లాక్టిక్ ఆమ్లం, గ్లైకోలిక్ ఆమ్లం కలిపి కట్టిన గొలుసే పీఎల్‌జీఏ. ఎంజైమ్ అక్కర్లేదు, నీరే దాని ఎస్టర్ బంధాలను తెంచుతుంది. మిగిలే ఆమ్లాలను ఒళ్లు మామూలుగా వాడుకుని బయటికి పంపేస్తుంది. 1989లో అనుమతి పొందిన లుప్రాన్ డిపో ఇంజెక్షన్ నెలకొకసారి ఇస్తే చాలన్నది ఈ కుటుంబపు పాలిమర్ చలవే.

లాక్టిక్, గ్లైకోలిక్ పాళ్ల నిష్పత్తి బట్టి కాలం మారుతుంది. 50:50 అయితే ఒకటి రెండు నెలలు. 75:25 అయితే నాలుగైదు నెలలు. లాక్టిక్ పాలు పెరిగితే నీరు లోపలికి రావడం తగ్గి కాలం పెరుగుతుంది. లాక్టిక్ ఆమ్లం ఒక్కదానితోనే కట్టిన ఎల్-రకం పీఎల్‌ఏ రెండేళ్లు దాటుతుంది, కాప్రోలాక్టోన్‌తో కట్టిన పీసీఎల్ కూడా రెండు మూడేళ్లు పడుతుంది. ఇవి పాలిమర్ పోయే కాలాలు మాత్రమే. మందు అంతకన్నా చాలా ముందే అయిపోవచ్చు. చివర ఆమ్లం గుంపు ఉన్న రకం ఎస్టర్ మూత ఉన్న రకం కన్నా తొందరగా తెగుతుంది, కొనేటప్పుడు ఆ ఒక్క అక్షరం తేడా చూడకపోతే లెక్క మొత్తం మారిపోతుంది.

ఇవి పోయే పద్ధతి వేరు. సబ్బు పైనుంచి అరిగినట్టు అరిగేవి పాలిఅన్‌హైడ్రైడ్‌లు. మెదడు కణితి తీశాక ఆ ఖాళీలో పెట్టే గ్లియాడెల్ బిళ్లలు వాటితోనే చేస్తారు. 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఒక్కో బిళ్లలో 7.7 మి.గ్రా. కార్‌మస్టిన్ ఉంటుంది. పీఎల్‌జీఏ అలా అరగదు. వానకు నానిన పచ్చి ఇటుకలా లోపలంతా ఒకేసారి మెత్తబడుతుంది. అందుకే విడుదల మూడు దశల్లో కనిపిస్తుంది. మొదటి రోజు ఉపరితలం మీది మందు ఒక్కసారిగా వస్తుంది, తర్వాత కొన్నాళ్లు దాదాపు నిలకడ, ఆ తర్వాత పాలిమర్ కూలినప్పుడు మళ్లీ పొంగు. లోపల పేరుకున్న ఆమ్లం గొలుసును ఇంకా తొందరగా తెంచుతుంది, ఆమ్లానికి తట్టుకోలేని ప్రోటీన్ మందులను పాడు చేస్తుంది.

ఇక ఖర్చు. కైటోసాన్ కిలోల్లో కొంటాం, పీఎల్‌జీఏ గ్రాముల్లో కొంటాం. ఆరు నెలల విడుదల చూపిస్తామని వచ్చే పిల్లలను, మీ ప్రాజెక్టుకు ఎన్ని నెలలుంది అని అడుగుతాను. ఐదు నెలల గడువులో 85:15 ఫిల్మ్ చివరిదాకా చూడడం కుదరదు. 50:50 తీసుకుని పూర్తి విడుదల వంపు, అంటే ఏ రోజుకు ఎంత మందు వచ్చిందో చూపే గ్రాఫ్ గీసి చూపించడమే నయం.

మన గాలి కూడా ఒక పదార్థమే

పుస్తకాల్లో రాసిన పద్ధతులు తేమ తక్కువ ఉన్న ల్యాబుల్లో చేసినవి. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా మన డెల్టాలో గాలి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, ఆరేసిన బట్టలు ఆరవు, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరవుతుంది. ఫిల్మ్‌కూ అదే తిప్పలు.

పీఎల్‌జీఏను డైక్లోరోమీథేన్‌లో కరిగించి పోస్తాం. అది సుమారు 40 డిగ్రీలకే మరుగుతుంది, కాబట్టి గబగబా ఆవిరవుతూ ఫిల్మ్ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే చల్లని సీసా మీద చెమట పట్టినట్టు ఆ ఉపరితలం మీద నీటి బిందువులు చేరతాయి. ఆ బిందువులు పోయాక వాటి చోట గుంటలు మిగులుతాయి. ఆగస్టులో పోసిన ఫిల్మ్ సున్నం రాసినట్టు తెల్లగా, జనవరిలో పోసినది గాజులా తేటగా రావడం మేం కళ్లారా చూశాం. తెల్లది గుంటలమయం కాబట్టి మందు వేగంగా వదిలింది. ఫార్ములా ఒకటే, నెల మారిందంతే. ఇప్పుడు మా పిల్లలు పళ్లెం మీద గరాటు బోర్లించి ఆవిరి నెమ్మదించేలా చేస్తారు, తేమమాపకం చూసి అంకె నోట్‌బుక్‌లో రాస్తారు, వీలైతే దీపావళి తర్వాతే పోస్తారు.

డైక్లోరోమీథేన్‌ను ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే వాడాలి. ఫిల్మ్‌లో దాని మిగులు 600 పీపీఎం (పది లక్షల్లో 600 వంతులు) దాటకూడదన్నది అంతర్జాతీయ పరిమితి. హుడ్ లేని కాలేజీలో పీఎల్‌జీఏ ఫిల్మ్ వద్దనే చెబుతాను, ఎంత మంచి అంశమైనా సరే.

పీఎల్‌జీఏ సీసా తెరిచే పద్ధతి కూడా నేర్చుకోవాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తీస్తే తేమ లోపలికి చేరి పాలిమర్ అక్కడే తెగడం మొదలవుతుంది. గది వేడికి వచ్చాక తీసి, కావాల్సింది తూచుకుని, ఆరబెట్టే సిలికా జెల్‌తో మళ్లీ మూయాలి. 50:50 రకం 45, 50 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి మే నెల ఎండలో కొరియర్ వ్యాన్‌లో వచ్చిన పార్సిల్‌ను నమ్మలేం. చలికాలంలో తెప్పించుకోండి. తుపాను రోజుల్లో కరెంటు ఎన్నాళ్లకొస్తుందో తెలియని ఊళ్లలో ఈ ఫ్రిజ్ సంగతి ముందే ఆలోచించాలి.

సహజ పాలిమర్లకు ఇంకో బెడద బూజు. గ్లిజరాల్ తేమను లాక్కుంటుంది, జెలటిన్ బూజుకు మంచి తిండి. డెసికేటర్ అనే మూత బిగుసుకునే గాజు పాత్రలో సిలికా జెల్ మీద, రేకు కవరులో మూసి ఉంచాలి. ఉప్పు సంతృప్త ద్రావణం పెట్టిన డెసికేటర్‌లో తేమ సుమారు 75 శాతం ఉంటుంది, అందులో వారం పెట్టి బరువు ఎంత పెరిగిందో చూస్తే మన వానాకాలాన్ని ఆ ఫిల్మ్ తట్టుకుంటుందో లేదో ముందే తెలుస్తుంది. ఎంపికకు ముందు, రెండు మూడు పాలిమర్ల ఖాళీ ఫిల్మ్‌లతో ఈ చిన్న పరీక్ష చేయమని నా గట్టి సలహా.

పోల్చేటప్పుడు జరిగే తప్పులు

రెండు ఫిల్మ్‌లను పోల్చేటప్పుడు మందం ఒకటే ఉండాలి. మందు బయటికి రావడానికి పట్టే కాలం మందం వర్గం మీద ఆధారపడుతుంది. 0.1 మి.మీ. ఫిల్మ్‌ను 0.2 చేస్తే కాలం రెట్టింపు అవదు, నాలుగు రెట్లు అవుతుంది. కైటోసాన్ కన్నా జెలటిన్ నెమ్మది అని నిరూపించామని తెచ్చిన ఫలితాల్లో, నిజానికి జెలటిన్ పళ్లెంలో ద్రావణం ఎక్కువ పోశారంతే. స్క్రూగేజీతో ఐదు చోట్ల కొలవండి. పళ్లెం పెట్టే బల్ల సమంగా ఉందో లేదో మట్టం పెట్టి చూడండి.

మందు విడుదల తీరును లెక్కగట్టే కోర్స్‌మేయర్-పెప్పాస్ సమీకరణంలో ఘాతం విలువ కూడా ఇలాంటిదే. మాత్రల్లాంటి స్థూపాకారాలకు చెప్పిన 0.45ను ఫిల్మ్‌కు కూడా రాసేస్తారు. పల్చటి ఫిల్మ్‌కు వ్యాపనం (మందు అణువులు వాటంతటవే మెల్లగా బయటికి పాకడం) మాత్రమే ఉంటే ఆ విలువ 0.5. మొదటి 60 శాతం విడుదల వరకే ఈ సమీకరణం వర్తిస్తుంది, మొత్తం వంపుకు గీత గీయకూడదు. కైటోసాన్ ఫిల్మ్ తెగుతుందని చూపాలంటే బఫర్‌లో లైసోజైమ్ కలపాలి. ఒట్టి బఫర్‌లో నెల రోజులు ఉంచి తెగలేదంటే అది ఫిల్మ్ తప్పు కాదు.

క్రిములు లేకుండా శుద్ధి చేసే పద్ధతిని కూడా మొదటి రోజే అనుకోండి. ఒత్తిడి ఆవిరితో ఉడికించే ఆటోక్లేవ్‌లో పెడితే జెలటిన్, పీఎల్‌జీఏ ఫిల్మ్‌లు రెండూ పాడవుతాయి. గామా కిరణాలు పీఎల్‌జీఏ, కైటోసాన్ గొలుసులను తెంచి విడుదల వేగాన్ని మారుస్తాయి. శుద్ధి చేశాకే విడుదల కొలవాలి. ఇవేవీ జరగని ల్యాబ్ ఫిల్మ్‌ను, ఎంత బాగా వచ్చినా, మనిషి గాయం మీద వేయకూడదు. ఇంట్లో పెద్దవాళ్ల పుండు మీద వేసి చూద్దామా అని అడిగినవాళ్లున్నారు, అది ప్రేమతో అడిగినా సరే, వద్దు.

నేనైతే ఏది తీసుకుంటానంటే

చిగుళ్ల సందులో వారం పనికి, మందు క్లోర్‌హెక్సిడిన్ అయితే జెలటిన్. ఆ దారిలో ఇప్పటికే మనుషుల్లో వాడిన ఫలితాలున్నాయి కాబట్టి మన ఫిల్మ్‌ను దేనితో పోల్చాలో తెలుస్తుంది. జెలటిన్ ఇష్టం లేనివాళ్లకు 80 శాతం దగ్గర డిగ్రీ ఉన్న కైటోసాన్. మందు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ అయితే రెండింట్లోంచీ తొందరగా జారుతుంది, లోపలి పొరలో మందు పెట్టి పైన, కింద ఖాళీ పొరలు వేయాల్సి రావచ్చు.

మధుమేహం ఉన్నవాళ్ల కాలి పుండుకు, చెరువు పనిలో కోసుకున్న గాయానికి కైటోసాన్. నీరు ఎక్కువ కారుతుంటే కైటోసాన్ మీద ఆల్జినేట్ పొర. ఈ పుండ్లు మన ఊళ్లలో ఎంతమందిని మంచాన పడేస్తున్నాయో చూస్తున్నాను కాబట్టి, ఏ అంశమూ తోచని పిల్లలకు నేను ముందు ఇదే చెబుతాను. పొలం పని, చెరువు పని చేసేవాళ్ల కాలు రోజంతా తడిలో ఉంటుంది. ఆ తడిలో మూడు రోజులు అంటిపెట్టుకుని ఉండే ఫిల్మ్ ఇంకా ఎవరి దగ్గరా చాలినంత బాగా లేదు.

నోటి పూతకు కొన్ని గంటల పనైతే హెచ్‌పీఎంసీ, దానికి కొంచెం కైటోసాన్ కలిపితే అంటుకునే గుణం పెరుగుతుంది. చర్మం కింద నెలల తరబడి ఉండాల్సినదైతే పీఎల్‌జీఏ, హుడ్, ఫ్రిజ్, డబ్బు మూడూ ఉన్నప్పుడే. ఏళ్ల మాటైతే పీసీఎల్, అది విద్యార్థి ప్రాజెక్టు కాలంలో ముగిసే పని కాదు.

ఈ ఏడు వచ్చిన ఇద్దరూ రొయ్య పొట్టు సంచితోనే నా గది ముందు నిలబడ్డారు. మూడు ప్రశ్నలు అడిగాను. చోటు కాలి పుండు, రోజులు మూడు, పోయే దారి లైసోజైమ్ అని రాసుకొచ్చారు. ఇప్పుడు కొన్న కైటోసాన్ ఒక లాట్‌తో విడుదల పని నడుస్తోంది. పొట్టును కడిగి ఎండబెట్టి డబ్బాలో దాచారు. విడుదల వంపు మూడుసార్లు ఒకేలా వచ్చాక, వేసవి సెలవుల్లో, సొంత కైటోసాన్‌తో అదే ఫిల్మ్ పోసి పక్కపక్కన పెట్టి చూస్తారట.